ఎనిమిది మందిమి వండర్‌లా పోవాలె, టికెట్ల మీద నిఖార్సయిన డిస్కౌంట్ ఎట్ల దొరుకుతది?

హన్మకొండ_నాన్న | ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్తే. దసరా సెలవులల్ల పిల్లలని హైదరాబాద్ కాడ ఉన్న వండర్‌లా ఆటల పార్కుకి తీస్కపోత అని మాటిచ్చిన, బతుకమ్మ పండుగ పనులల్ల పడి పోలేకపోయినం. ఇప్పుడు దీపావళి దాటినంక ఎట్లయినా పోవాలె, లేకపోతే మా పిలగాడు మొకం చూసేటట్టు లేడు. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మా అమ్మ (63 ఏండ్లు), మా అక్క బావ, వాళ్ల బిడ్డ బీటెక్ సెకండియర్, మొత్తం ఎనిమిది మందిమి. టికెట్లకే మస్తు పైసలు అయితున్నయ్, దాని మీద దారి ఖర్చు, తిండి.

నిన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపుల ఒక లింక్ వచ్చింది. పార్క్ యానివర్సరీ అంట, 499కే టికెట్ అంట, ఇంక 27 టికెట్లే మిగిలినయ్ అని రాసి కింద గడియారం తిరుగుతుంది. మా బావ కట్టేద్దాం కట్టేద్దాం అంటుండు, నాకేమో మనసున పడుతలేదు. మోసం లేకుంట, అబద్ధం ఆడకుంట పైసలు తగ్గే దారి ఏమన్నా ఉంటే తెల్సినోళ్లు జర చెప్పుండ్రి.

ములుగు_రోడ్ (అడ్మిన్) | ఆదివారం, రాత్రి 9.52

అన్నా ముందు బావకి ఫోన్ చెయ్, పైసలు కట్టొద్దని చెప్పు, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. ఆ లింక్ ఇక్కడ మాత్రం పెట్టకు, ఎవరన్నా పొరపాటున నొక్కుతరు. ఆ లింక్‌ల పేరు ఎట్లుందో అక్షరాలల్ల చెప్పు చాలు.

హన్మకొండ_నాన్న | ఆదివారం, రాత్రి 10.05

చేసిన అన్నా, ఆగిండు. పేరు చూస్తే ముందు పార్క్ పేరే ఉంది, దాని పక్కన చిన్న గీత, తర్వాత ఆఫర్ అని ఉంది, ఆఖరికి డాట్ షాప్ అని ఉంది. పక్కన తాళం బొమ్మ గూడ ఉందని బావ అంటుండు.

ములుగు_రోడ్ (అడ్మిన్) | ఆదివారం, రాత్రి 10.21

అనుకున్నంత పనే. తాళం బొమ్మకి అర్థం నువ్వు పంపేది మధ్యల ఎవరూ చదవలేరని, అంతే. అవతల కూసున్నోడు మంచోడా దొంగనా అన్నది తాళం చెప్పదు, దొంగ గూడ తాళం పెట్టుకోవచ్చు. అడ్రస్ చదివేటప్పుడు ముందటి https:// వదిలేసి, దాని తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత కాడ ఆగి, అక్కడి నుంచి ఎనకకి చదవాలె. ఆఖరి డాట్ పక్కన ఉన్న మాట, ఆ డాట్‌కి ముందున్న మాట, ఈ రెండు కలిపితే మామూలుగ ఆ సైట్ ఎవరిదో తెలుస్తది. "పార్క్ పేరు గీత ఆఫర్ డాట్ షాప్" అంటే అది పార్క్‌ది కాదు, ఎవడో ఆ పేరు కొనుక్కొని పెట్టిండు. పార్క్ సొంత పేరుకి గీతలు, తోకలు ఉండయ్.

ఇంకోటి, గూగుల్ల కొడితే పైన "స్పాన్సర్డ్" అని వచ్చేదే అసలుదని అనుకుంటరు, అది పైసలిచ్చి పెట్టిచ్చుకున్న ప్రకటన, దాంట్ల గూడ దొంగ సైట్లు వస్తయ్. అడ్రస్ నువ్వే సొంతంగ టైపు చెయ్, లేకపోతే ప్లేస్టోర్ల పార్క్ సొంత యాప్ తీస్కో. కట్టేటప్పుడు యూపీఐల అవతలోడి పేరు వస్తది గదా, అక్కడ కంపెనీ పేరు కాకుండ ఎవరో మనిషి పేరు వస్తే అక్కడికక్కడే ఎనకకి రా.

నర్సంపేట_అన్న | ఆదివారం, రాత్రి 10.48

మీ బావ ఆగిండు, మంచిదయింది తమ్మీ. నేను ఆగలే. పోయిన ఎండాకాలం ఒక పార్క్ పేరుతోని ఫేస్‌బుక్ పేజీ చూసిన, ఫొటోలు అన్నీ అసలయే, కింద కామెంట్లల్ల థాంక్యూ టికెట్స్ వచ్చినయ్ అని ఇరవై మంది రాసిన్రు, అవన్నీ వాళ్లే రాసుకున్నరని తర్వాత సమజయింది. ఆరు టికెట్లకి కట్టిన, టికెట్ రాలే, పేజీల ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే రీఫండ్ ఇస్తం, ఒక రిక్వెస్ట్ పంపుతున్నం, పిన్ కొట్టుండ్రి అన్నడు. పైసలు రావాలంటే పిన్ ఎందుకు అని ఆ నిమిషంల బుర్రకి తట్టలే. మొత్తం 6,400 పోయినయ్. పోరగాళ్లు బట్టలు సర్దుకొని కూసున్నరు, వాళ్లకి ఏం చెప్పాలె.

మా పక్కింటి కానిస్టేబుల్ వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి కొట్టు అన్నడు, అరగంటల కొట్టిన. ట్రాన్సాక్షన్ నంబర్, టైం, బ్యాంక్ పేరు అడుగుతరు, అవి చేతిల పెట్టుకొని చెయ్యాలె. అవతలోడి ఖాతాల అప్పటికి కొన్ని పైసలు ఉండె, అవి ఆపిన్రు, లోక్ అదాలత్‌ల పెట్టి నాలుగు నెలలకి 4,000 తిరిగొచ్చినయ్. అరగంట కాకుండ రెండు రోజులయితే అవి గూడ వచ్చేటివి కావు. ఆ నంబర్ అందరూ ఫోన్ల సేవ్ చేసుకోండ్రి.

కాజీపేట_లోకో | సోమవారం, పొద్దున 6.15

డ్యూటీ దిగి ఇప్పుడే చూసిన. నేను మూడు సార్లు పోయిన పిల్లలతోని, నాకు తెల్సింది చెప్త. అన్నిటికన్నా పెద్ద డిస్కౌంట్‌కి కూపన్ అక్కర్లే, కోడ్ అక్కర్లే, అది క్యాలెండర్ల ఉంది. సైట్ తెరిచి తేదీలు మార్చుకుంట చూడు, శని ఆదివారాలు, పండుగలు, సెలవులు ఒక రేటు, మామూలు మంగళ బుధవారాలు ఒక రేటు. ఎనిమిది మందికి ఆ తేడా ఎంతయితదో లెక్కేస్కో. కొన్ని రోజుల ముందు బుక్ చేస్తే మళ్ల కొంత తగ్గుతది. గేటు కాడికి పోయి కౌంటర్ల కొనుడు అంటే అన్నిటికన్నా ఎక్కువ పెట్టి కొన్నట్టే, లైన్ల నిలబడుడు అదనం.

దీపావళి తర్వాత పోతున్నవ్ గదా, చల్లటి రోజులు, రద్దీ తక్కువ. పిల్లలకి ఒక్క రోజు బడి మానిపిచ్చుడు తప్పే గనీ, అదే ఆదివారం పోతే ఒక్కో రైడ్ కాడ ముప్పావు గంట నిలబడితే మొత్తం మీద ఎక్కేది నాలుగు రైడ్లు. ఇచ్చిన పైసలకి ఎన్ని రైడ్లు ఎక్కినం అన్నది గూడ లెక్కల రావాలె గదా. ఎండాకాలం పోవాలనుకునేటోళ్లకి ఇంకో మాట, మన దగ్గర బడులు జూన్ 12కి తెరుస్తరు, మే నెల అంతా జాతర లెక్క ఉంటది, బడులు తెరిచినంక వచ్చే మామూలు రోజు చూస్కోండ్రి.

పరకాల_టీచరమ్మ | సోమవారం, పొద్దున 7.30

బాబూ, మీ పిల్లల ఎత్తు ఎంత? వయసు కాదు, ఎత్తు. వండర్‌లాలో పిల్లల టికెట్ ఎత్తుని బట్టి ఉంటుంది, 85 సెంటీమీటర్ల లోపు ఫ్రీ, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, 140 దాటితే పెద్దవాళ్ల టికెట్. నాలుగేళ్ల పాప ఎలాగూ 85 దాటే ఉంటుంది కాబట్టి పిల్లల టికెట్ తీసుకోవాలి. పదకొండేళ్ల బాబు దగ్గరే తేడా వస్తుంది. వయసు చూసి పిల్లల టికెట్ బుక్ చేసుకొని పోయి గేటు దగ్గర కొలిస్తే, అక్కడ మిగతా పైసలు కట్టాలి, బుకింగ్ డిస్కౌంట్ ఏమీ ఉండదు.

మా స్కూల్లో హెల్త్ కార్డుల కోసం ప్రతి సంవత్సరం కొలుస్తాం, ఇంట్లో కొలిచింది ఎప్పుడూ తప్పే వస్తుంది. టైలర్ టేపు వంగుతుంది. చెప్పులు తీసేయించి మడమలు, వీపు గోడకి ఆనించి నిలబెట్టండి, తల మీద గట్టి అట్ట పుస్తకం గోడకి అడ్డంగా పెట్టి దాని కింద పెన్సిల్‌తో గీత గీయండి, తర్వాత ఇనుప టేపుతో నేల నుంచి కొలవండి.

హన్మకొండ_నాన్న | సోమవారం, రాత్రి 8.10

టీచరమ్మా చాలా థాంక్స్. ఈ ముచ్చట మాకు తెల్వనే తెల్వదు. మేస్త్రీ టేపు తెచ్చి వంటింటి తలుపు చెక్క కాడ నిలబెట్టి కొలిచిన, డిక్షనరీ పెట్టిన తల మీద. 139న్నర. పాప 101.

నేను హమ్మయ్య అనుకున్న, పిలగాడు మాత్రం ఏడుపు మొకం పెట్టిండు. పెద్ద రైడ్లకి 140 కావాలంట గదా, వాళ్ల దోస్తు చెప్పిండంట, రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ఎక్కాలని వీడు నెల రోజుల నుంచి కలవరిస్తుండు. మళ్ల మళ్ల కొలువు నాన్నా అని గుంజుతుండు.

పరకాల_టీచరమ్మ | సోమవారం, రాత్రి 8.25

అవును బాబూ, పెద్ద రైడ్లు చాలావాటికి ఆ ఎత్తు ఉండాలి, సీటుకి వచ్చే బార్ పిల్లవాడి ఒంటికి సరిగ్గా ఆనాలి కదా, అది ప్రాణం విషయం. దాంట్లో వాళ్లని బతిమాలకండి.

కేయూ_క్రాస్‌రోడ్ | సోమవారం, రాత్రి 9.02

అన్నా మీ మేనకోడలు బీటెక్ కదా, ఆమె టికెట్ మీ బుకింగ్‌లో కలపకండి! స్టూడెంట్ ఆఫర్ వేరే ఉంటది, కాలేజీ ఐడీ ఉంటే తగ్గుతది, అది వేరేగా బుక్ చేయాలి. మేము పోయినప్పుడు నలుగురం పోతే ఒకామె ఐడీ కార్డు హాస్టల్లో మర్చిపోయింది, ఫోన్‌లో ఫొటో చూపిస్తే నడవలేదు, మిగతా డబ్బులు కట్టించుకున్నారు. ఒరిజినల్ కార్డే కావాలి, దాని మీద ఈ సంవత్సరం వ్యాలిడిటీ ఉందా చూసుకోమనండి, మా కాలేజీలో ఫస్టియర్‌లో ఇచ్చిన కార్డే నాలుగేళ్లు వాడతాం కానీ కొన్ని కాలేజీల్లో ఏడాదికోసారి స్టిక్కర్ వేయించుకోవాలి.

అమ్మగారికి సీనియర్ సిటిజన్ టికెట్ చూడండి, 60 దాటితే వస్తది, ఆధార్ పట్టుకపోండి. పది, ఇంటర్ పిల్లలున్నోళ్లకి కూడా ఒక మాట, పరీక్షలయ్యాక హాల్ టికెట్ చూపిస్తే తగ్గించే ఆఫర్ ఇంతకుముందు పెట్టారు, ఆఖరి పరీక్ష కాగానే మా తమ్ముడు హాల్ టికెట్ చింపి గాలిలో ఎగరేసిండు, తర్వాత ఆ ముక్కలు ఏరుకున్నాం. అలా చింపకండి ప్లీజ్.

మట్టెవాడ_మామ | సోమవారం, రాత్రి 9.30

గదే అంటున్న, మా తమ్ముని బిడ్డ ఐడీ కార్డు ఉంది, మీ అక్కకి ఇస్త, ఎవరు చూస్తరు అంత మందిల. పిలగానికి గూడ చెప్పులు లేకుంట జర మోకాళ్లు వంచి నిలబడమను.

పరకాల_టీచరమ్మ | సోమవారం, రాత్రి 9.44

అన్నా, మీరు మంచికే చెప్తున్నారు కానీ వద్దు. ఫొటో చూస్తారు, దొరికితే పిల్లల ముందే పరువు పోతుంది. పోనీ దొరకలేదనుకోండి, పదకొండేళ్ల పిల్లవాడికి మోకాళ్లు వంచమని చెప్పేది నాన్నే అయితే రేపు క్లాసులో నేను ఏం చెప్పాలి వాడికి. ఆయన మొదటి పోస్టులోనే అబద్ధం ఆడకుండా అని అడిగారు, దానికి తగ్గట్టే చెబుదాం.

మట్టెవాడ_మామ | సోమవారం, రాత్రి 9.58

సరే టీచరమ్మా, ఆ మాట ఎనకకి తీస్కుంటున్న. పిలగాడు వింటడన్నది నేను ఆలోచించలే.

బ్యాంక్_చిన్నోడు | మంగళవారం, మధ్యాహ్నం 1.20

లంచ్‌లో రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి. కార్డుల ఆఫర్లు అని అందరూ అడుగుతారు, "20 శాతం తగ్గింపు" అని పెద్ద అక్షరాల్లో ఉంటది, కింద చిన్న అక్షరాల్లో గరిష్ఠంగా ఇంత అని ఉంటది. ఉదాహరణకి బిల్లు 8,000 అనుకుందాం, 20 శాతం అంటే 1,600 వస్తదనుకుంటాం, కానీ గరిష్ఠం 300 అని రాసి ఉంటే వచ్చేది 300 మాత్రమే, అంటే నాలుగు శాతం కూడా కాదు. అదే ముందు బుకింగ్‌కి పది శాతం ఇస్తుంటే 800 వస్తది. రెండూ కలిపి ఇవ్వరు, మామూలుగా ఒక బుకింగ్‌కి ఒకటే ఆఫర్. అందుకని శాతం చూడకండి, ఆఖరి పేజీలో కట్టే మొత్తం ఎంతో రెండు రకాలుగా వేసి చూసుకోండి.

గిఫ్ట్ వోచర్ల సంగతి, బ్యాంక్ యాప్‌లో రివార్డ్ పాయింట్ల దగ్గర, పెద్ద షాపింగ్ యాప్‌లలో పార్కుల వోచర్లు కొంచెం తక్కువకి అమ్ముతారు. ఇవి నిఖార్సయినవే. కానీ కొనేముందు మూడు చూడాలి, ఆన్‌లైన్‌లో నడుస్తదా గేటు దగ్గర మాత్రమేనా, ఒక బిల్లుకి ఎన్ని వోచర్లు వాడొచ్చు, ఎన్ని నెలల్లో వాడాలి. గేటు దగ్గర మాత్రమే నడిచే వోచర్ అయితే కౌంటర్ రేటు మీద తగ్గుతది, అంటే ఆన్‌లైన్‌లో ముందే తక్కువకి వచ్చేదానికన్నా ఎక్కువ కట్టి వోచర్ వాడినట్టు అవుతది, మా మేనేజర్ గారికి అచ్చం ఇట్లనే అయింది.

ఇంకా జీఎస్టీ. టికెట్ మీద 18 శాతం ఉంటది, 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో 28 ఉండె, 2018 జనవరి 25 నుంచి 18కి తగ్గించారు. ఏదో సైట్‌లో వెయ్యి అని, ఇంకో దాంట్లో 1,120 అని కనిపిస్తే మొదటిదే తక్కువ అనుకోకండి, వెయ్యి మీద పన్ను కలిపితే 1,180 అవుతది, రెండోది పన్నుతో సహా అయి ఉండొచ్చు.

కేయూ_క్రాస్‌రోడ్ | మంగళవారం, మధ్యాహ్నం 1.41

ఇంకోటి మర్చిపోయా. "మాకు వీలుకాలేదు, టికెట్లు సగం రేటుకి ఇస్తాం" అని గ్రూపుల్లో పీడీఎఫ్‌లు అమ్ముతారు. మా హాస్టల్‌లో ఒకామె కొన్నది. అందులో ఉండే క్యూఆర్ ఒక్కసారే స్కాన్ అవుతది, అదే పీడీఎఫ్ వాడు ఎంతమందికి అమ్మాడో తెలియదు, ఈమె పోయేసరికి ఆల్రెడీ యూజ్డ్ అని వచ్చింది. నిజంగా వీలుకాని మనిషే అయినా సరే, టికెట్ ఎవరి పేరు మీద ఉందో గేటు దగ్గర అడిగితే ఇబ్బందే.

జగిత్యాల_టు_షార్జా | మంగళవారం, రాత్రి 11.15

అన్నలు, నేను గల్ఫ్‌ల ఉంటున్న పన్నెండేండ్ల నుంచి. మన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి చాలా మంది ఫ్యామిలీని విజిట్ మీద తెచ్చుకుంటరు, తెచ్చుకున్నంక పార్కుల కాడ అడ్డగోలుగ పైసలు పెడుతరు, అందుకే ఇక్కడి ముచ్చట గూడ రాస్తున్న. ఫ్యామిలీ ఎమిరేట్స్ విమానంల వస్తే బోర్డింగ్ పాస్ పారేయొద్దని ముందే చెప్పుండ్రి, మై ఎమిరేట్స్ పాస్ అని ఉంటది, ఆ బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టు చూపిస్తే దుబాయ్‌ల చాలా కాడ తగ్గిస్తరు. నేను మా అమ్మ దిగంగనే ఎయిర్‌పోర్టుల ఆమె చేతిల నుంచి అది తీస్కొని పర్సుల పెట్టిన. ఎంటర్‌టైనర్ అని యాప్ ఉంది, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ, ఏడాదికి పైసలు కట్టాలె, ఒక్కసారి పోయేటోళ్లకి గిట్టుబాటు కాదు, ఇక్కడ ఉండేటోళ్లకి మాత్రం మూడు నాలుగు సార్లల్ల కట్టిన పైసలు ఎల్లుతయ్, రూంల ఎవరి దగ్గరన్నా ఉందేమో అడుగుండ్రి.

అబుదాబిల యాస్ ఐలాండ్ మీద ఫెరారీ వరల్డ్, వార్నర్ బ్రదర్స్, వాటర్‌వరల్డ్, సీవరల్డ్ అన్నీ పక్కపక్కనే, ఒక్కోటి వేరువేరుగ కొనేకంటే రెండు మూడు కలిపిన టికెట్ కొంటే ఒక్క పార్కుకి పడేది తగ్గుతది. అంత పెట్టలేనోళ్లకి గ్లోబల్ విలేజ్ ఉంది, చల్లకాలమే తెరిచి ఉంటది, వారం మధ్యల పోయే టికెట్ తక్కువ, మూడేండ్ల లోపు పిల్లలకి, 65 దాటిన పెద్దోళ్లకి ఫ్రీ. మా అమ్మ 67, ఫ్రీగనే పోయింది, ఇండియా పెవిలియన్ల గాజులు చూసి మన వరంగల్ చౌరస్తా లెక్కనే ఉంది బిడ్డా అన్నది.

కరీంనగర్_అత్తమ్మ | బుధవారం, పొద్దున 5.50

నేను అమెరికాలో బిడ్డ దగ్గరికి పోయి పోయిన నెలే వచ్చిన. మా బిడ్డ కాలిఫోర్నియాల డిస్నీల్యాండ్‌కి తీస్కపోయింది. అక్కడ గూడ తేదీని బట్టే రేటు, మన లోకో తమ్ముడు చెప్పినట్టే. మూడేండ్లు నిండని పిల్లలకి టికెట్ లేదు, మా మనవరాలికి మూడో పుట్టినరోజు ఇంక పది రోజులుందనంగ పోయినం, ఆ పొద్దు మా అల్లుడు ఎంత సంబురపడ్డడో. ఒక్క రోజు కంటే మూడు రోజుల టికెట్ తీస్కుంటే రోజుకి పడేది తక్కువ. కానీ మిగిలిన రోజులు ఇంకొకళ్లకి అమ్ముకునుడు కుదరదు, మొదటి రోజు లోపలికి పోయేటప్పుడు ఫొటో తీస్తరు, టికెట్ ఎవరిదో వాళ్లే వాడాలె. హోటళ్ల కాడ మిగిలిన టికెట్లు అని అమ్మేటోళ్లు ఉంటరు, వాళ్ల దగ్గర కొనొద్దని అల్లుడు మరీ మరీ చెప్పిండు. ట్రిపుల్ ఏ (అక్కడి కార్లోళ్ల సంఘం) మెంబర్షిప్ ఉంటే, లేకపోతే ఉద్యోగం చేసే కంపెనీల అడిగితే అక్కడ తక్కువకి ఇచ్చేది ఉంటదంట.

హన్మకొండ_నాన్న | బుధవారం, రాత్రి 9.15

అందరికీ దండాలు. ఇంత మంది ఇంత ఓపికతోని రాస్తరనుకోలే. మేనకోడలుది స్టూడెంట్ టికెట్ వేరేగ, మిగతా ఏడుగురిది ఒక బుకింగ్, వచ్చే మంగళవారం కాకుండ ఆ పై మంగళవారం అనుకున్నం. ఇప్పుడు దారి ఖర్చు గురించి అడుగుత. కిరాయికి తుఫాన్ జీపు మాట్లాడుకోవాల్నా, బస్సుల పోవాల్నా? టోల్‌కి పాస్ ఉంటదంటున్నరు.

కాజీపేట_లోకో | గురువారం, పొద్దున 6.05

టోల్ పాస్ మీకు పనికిరాదు. 200 ట్రిప్పులకి అని 2025 ఆగస్టు 15 నుంచి పెట్టిన ఫాస్టాగ్ పాస్ సొంత కార్లకే, కిరాయి బండ్లకి లేదు. సొంత కారు ఉన్నోళ్లకి మన రోడ్డు మీద కోమళ్ల, గూడూరు టోల్ గేట్ల కాడ నడుస్తది, ఔటర్ రింగ్ రోడ్డు మీద నడవది, అది నేషనల్ హైవే కాదు. కారుల పోయేటోళ్లు ఘట్‌కేసర్ కాడ ఔటర్ ఎక్కి 13వ నంబర్ ఎగ్జిట్, రావిర్యాల కాడ దిగితే అక్కడే పార్క్, సిటీలకి పోవాల్సిన పని లేదు.

మీకు మాత్రం బస్సే మంచిది. లెక్క చూడు. మీ ఆవిడ, అమ్మ, అక్క, మేనకోడలు, పాప, ఐదుగురు ఆడోళ్లు, ఎక్స్‌ప్రెస్ బస్సుల సర్కారు మహాలక్ష్మి పథకం కింద పైసలు లేవ్, 2023 డిసెంబర్ నుంచి నడుస్తనే ఉంది. నీకు, బావకి ఫుల్ టికెట్, బాబుకి హాఫ్. సూపర్ లగ్జరీ, డీలక్స్ ఎక్కొద్దు, వాటిల ఫ్రీ లేదు, హన్మకొండ బస్టాండ్ల బోర్డు మీద ఎక్స్‌ప్రెస్ అని చూసి ఎక్కుండ్రి. ఆధార్ ఒరిజినల్ దగ్గర పెట్టుకోండ్రి. ఉప్పల్‌ల దిగి ఎల్బీనగర్ దాకా సిటీ బస్సు, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల గూడ ఆడోళ్లకి ఫ్రీ, అక్కడి నుంచి ఆటో గాని, బస్సు గాని. 11 గంటలకి తెరుస్తరు, ఐదింటి బస్సు పట్టుకుంటే సరిపోతది. అమ్మకి మోకాళ్ల నొప్పులుంటే మాత్రం ఘట్‌కేసర్‌ల దిగి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోండ్రి, బస్సులు మారుడు తప్పుతది.

పరకాల_టీచరమ్మ | గురువారం, పొద్దున 7.20

నీళ్ల ఆటలకి కాటన్ బట్టలు ఒప్పుకోరు, నైలాన్ లాంటివి కావాలి. అక్కడ కొంటే బాగా పడుతుంది, మన వరంగల్ జేపీఎన్ రోడ్‌లో కొనుక్కొని పోండి, ఎనిమిది మందికి ఆ తేడా టికెట్ డిస్కౌంట్ కన్నా ఎక్కువే ఉంటుంది. తువ్వాళ్లు కూడా ఇంటి నుంచే. బయటి తిండి లోపలికి తీసుకుపోనివ్వరు కాబట్టి పొద్దున పులిహోర బస్సులోనే కానివ్వండి, పాపకి సరిపోయేంత పెట్టండి. టికెట్‌తో భోజనం కలిపిన కాంబో సైట్‌లో ఉంటే, లోపల విడిగా కొనే రేటుతో పోల్చి చూడండి.

మా బడి పిల్లలని తీసుకుపోయినప్పుడు నేను నేర్చుకున్నది ఇంకోటి. స్కూళ్లు, ఆఫీసులు, అపార్ట్‌మెంట్ల వాళ్లు ఒకేసారి ఎక్కువ మంది పోతే గ్రూప్ రేటు ఉంటుంది, రామోజీ ఫిల్మ్ సిటీలో కూడా ఉంటుంది. సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి కనీసం ఎంత మంది ఉండాలి, టీచర్లకి టికెట్ ఉంటుందా, భోజనం కలిపి ఎంత, ఇద్దరు రాకపోతే ఏం చేస్తారు, ఇవన్నీ అడిగి మెయిల్‌లో రాయించుకోవాలి. మేము మొదటిసారి ఒక మధ్యవర్తి చెప్పిన రేటుకి సరే అన్నాం, తర్వాత పార్క్‌కే నేరుగా ఫోన్ చేస్తే పిల్లకి నూట ఇరవై తక్కువ చెప్పారు. 54 మంది పిల్లలు, అందరూ కూలీ చేసేవాళ్ల పిల్లలు, ఆ నూట ఇరవై వాళ్ల ఇళ్లల్లో ఒక రోజు కూరగాయలు.

నర్సంపేట_అన్న | గురువారం, రాత్రి 8.40

టీచరమ్మా ఈ ముచ్చట మా ఊరి బడి సార్‌కి పంపిన. జనవరిల తీస్కపోతమంటున్నరు, ఏజెంట్‌కి అడ్వాన్స్ ఇయ్యలే ఇంకా.

హన్మకొండ_నాన్న | పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 10.30

పోయొచ్చినం. పొద్దున 4.50కి హన్మకొండ బస్టాండ్, చలికి పాపని శాలువల చుట్టి పట్టుకపోయినం. కండక్టర్ ఐదు జీరో టికెట్లు కొట్టిచ్చిండు, మా అమ్మ వాటిని మడిచి పర్సుల పెట్టుకున్నది. పులిహోర జనగామ దాటంగనే అయిపోయింది.

మేనకోడలు కార్డు మీద వ్యాలిడిటీ అయిపోయిందని కేయూ అమ్మాయి చెప్పినంకనే చూసుకున్నం, కాలేజీల కొత్తది చేయించుకున్నది, గేటు కాడ తిప్పి మలిపి చూసిన్రు, ఏమనలే. అమ్మ టికెట్ ఆధార్ చూపిస్తే అయింది. అదే వారం ఆదివారంకి సైట్ల ఎంత చూపిచ్చిందో రాసి పెట్టుకున్న, మంగళవారం కట్టినదానికి దానికి ఉన్న తేడాతోని మా అందరి బస్సు ఖర్చు, మధ్యాహ్నం భోజనం ఎల్లినయ్. రైడ్ల కాడ లైన్లే లేవు, కొన్నిటికి దిగి మళ్ల అటే ఎక్కిన్రు.

ఇగ మా పిలగాడు. బుక్ చేసే రోజు పొద్దున మళ్ల కొలువు నాన్నా అని వాడే డిక్షనరీ పట్టుకొని తలుపు కాడ నిలబడ్డడు. పెన్సిల్ గీత పాతదాని కంటే ఒక పిసరు మీదికి వచ్చింది, మూడుసార్లు కొలిచిన, 140 మీద గీతంత. పిల్లల టికెట్ తీద్దామా అని ఒక నిమిషం అనిపిచ్చింది, గేటు కాడ ఏమంటరో అని కాదు, వాడు నా మొకం చూస్తుండు. పెద్దోళ్ల టికెట్ తీసిన. రీకాయిల్ కాడ ఆ అన్న వాడిని గీత కింద నిలబెట్టి చెయ్యి పెట్టి చూసి పో అన్నడు, వాడు మళ్ల నన్ను చూడలే, ఉరుక్కుంట పోయి మొదటి సీట్ల కూసున్నడు.

పరకాల_టీచరమ్మ | అదే రోజు, రాత్రి 10.41

ఆ పెన్సిల్ గీత చెరపకండి బాబూ. రంగులు వేయించినా ఆ ముక్క వదిలేయండి.

హన్మకొండ_నాన్న | అదే రోజు, రాత్రి 10.50

చెరపం టీచరమ్మా. పక్కన తేదీ రాసిండు వాడే. ఇప్పుడు పాప గూడ నిలబడుతుంది నన్ను కొలువు అని.